మా వదిన కిటికీ ఇంగ్లీషు

మా వదిన అట్టపెట్టెలో ఇరుక్కుపోయిన రోజునే హెడ్ మేడమ్ స్కూల్లో ఆ తరగతి గది కొలతలు తీయించడానికి వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఇరుక్కుపోవడమంటే కేకలూ కంగారూ ఏమీ లేవు. అది పెట్టె కాదు, బస్సు. రెండు ఫ్రిజ్ పెట్టెల్ని కలిపి టేపు అతికించి, పక్కన కిటికీలు కోసి, ముందు ఒక పళ్ళెం తగిలించి నేనూ వదినా కలిసి చేసిందే. ముందు సీట్లో పళ్ళెం తిప్పుతూ డ్రైవరు, వయసు నాలుగున్నర. వెనక నలుగురు ప్రయాణికులు. అందరికంటే వెనక, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మా వదిన.

హెడ్ మేడమ్ గదంతా చూసింది. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఎక్కడా కనపడలేదు.

"టీచర్ గారూ, ఎక్కడున్నారు?"

"బస్సులో ఉన్నానండీ," అంది పెట్టె.

"ఒకసారి బయటికి రండి."

"కండక్టర్ లేదండీ."

"ఎక్కడికి వెళ్ళింది?"

"ఒంటేలుకి."

ఆ బస్సుకొక నియమం ఉంది. దిగాలనుకున్నవాళ్ళు 'స్టాప్ ప్లీజ్' అని ఇంగ్లీషులో అడగాలి. కండక్టర్ విజిల్ వేయాలి. అప్పుడే దిగాలి. ఆ నియమం పెట్టింది వదినే. తానే తప్పితే రేపు బస్సంతా తప్పుతుంది కదా అని ఆవిడ వాదన. అదీకాక మోకాళ్ళు అప్పటికే ఆవిడ మాట వినడం మానేశాయి. ఈ రెండు కారణాల్లో మొదటిది మాత్రమే ఆవిడ హెడ్ మేడమ్‌కి చెప్పింది.

వడ్రంగి పాపం టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు. మధ్యలో బస్సు అడ్డమొచ్చింది.

"దీన్ని కాస్త జరపాలండీ," అని ఒక్క తోపు తోశాడు.

పుట్టిన దగ్గర్నుంచి ఒక్క అంగుళం కదలని బస్సు కదిలింది. లోపల ఐదుగురు పిల్లలు ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. ఆరో గొంతు కూడా వినపడిందని వడ్రంగి తర్వాత నాతో చెప్పాడు.

ఈలోగా కండక్టర్ తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చింది. ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల. బస్సు మీద చెయ్యేసి నిలబడ్డ వడ్రంగిని కిందినుంచి పైదాకా చూసింది.

"టికెట్?"

"నేనెక్కట్లేదమ్మా," అన్నాడు వడ్రంగి.

"నో టికెట్, నో టచ్."

వడ్రంగి చెయ్యి తీసేశాడు. అప్పుడు లోపల్నుంచి "స్టాప్ ప్లీజ్" అని వినపడింది. కండక్టర్ విజిల్ వేసింది. మా వదిన చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకుతూ వెనక తలుపులోంచి బయటికొచ్చి, అదే భంగిమలో తలెత్తి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అంది.

కొలతలెందుకో అప్పుడు తెలిసింది. ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట. వాటికి బల్లలు చేయించాలట.

* * *

మా వదిన టీచరు కాదు. ఇరవై ఏళ్ళకు పైగా బస్‌స్టాండ్‌లో టికెట్ కౌంటర్లో కూర్చున్న మనిషి. గాజు పలక, దానికి చెయ్యి పట్టేంత కంత. కంతకి ఇవతల వదిన, అవతల లోకం. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవాళ్ళు. మన భాష రానివాళ్ళు, వాళ్ళ భాష మనకి రానివాళ్ళు, రెండూ మర్చిపోయేంత హడావిడిలో ఉన్నవాళ్ళు. వాళ్ళందరితో మాట్లాడీ మాట్లాడీ వదినకి ఇంగ్లీషు వచ్చింది. పుస్తకంలోంచి వచ్చింది కాదది. కంతలోంచి వచ్చింది. "వేర్ టు? హౌ మెనీ? విండో సీట్ ఫినిష్. నెక్స్ట్ ప్లీజ్." అందులో ఊరికే పడున్న మాట ఒక్కటి లేదు. ప్రతి మాటా ఎవర్నో ఒకర్ని ఎక్కడికో ఒకచోటికి చేర్చింది.

తర్వాత టికెట్లు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. బస్‌స్టాండ్‌లో కిటికీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆఖరిది వదినది. చివరి రోజున ఆవిడ 'కౌంటర్ మూసివేయబడినది' అని రాసున్న చిన్న చెక్క పలకని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఎందుకని అన్నయ్య అడిగితే, "ఇంక అక్కడ దాంతో పనేముంది? అందరికీ తెలుసుగా," అంది. ఆ పలకని బీరువా వెనక గోడవైపు తిప్పి పెట్టేసింది.

ఆ తర్వాత కొన్ని నెలలు అన్నయ్య పడ్డ అవస్థ చెప్పాలి. ఆయన టీ కోసం వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడితే, వదిన అలవాటుగా తల ఎత్తకుండా "ఎంతమంది?" అనేది. అన్నయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని "నేనొక్కణ్ణే" అనేవాడు. గంటకి నలభైమందికి సమాధానం చెప్పిన మనిషి రోజంతా ఒక్కడికి టీ ఇచ్చి కూర్చుంటే మనసేం బాగుంటుంది? పైకి ఏమీ అనేది కాదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయేవాళ్ళని చూస్తుండేది. ఒక్కడూ ఆగి ఏమీ అడగడు.

మా పక్క వీధిలో చిన్న స్కూలొకటి ఉంది. చిట్టి పిల్లల టీచరు ఉన్నట్టుండి మానేసింది. కొత్తావిడ దొరికేదాకా పిల్లల్ని పట్టుకుని కూర్చునే మనిషెవరైనా ఉన్నారా అని హెడ్ మేడమ్ నన్నడిగింది. నేను వదిన పేరు చెప్పాను.

"ఇంగ్లీషు వచ్చా?" అందావిడ.

"పనికొచ్చేంత వచ్చండీ," అంది వదిన.

విరిగిన బెంచీలు పడేసే వెనక గది ఇచ్చారు. పళ్ళ బొమ్మల చార్టొకటి ఇచ్చారు. మొదటిరోజు పిల్లలంతా గొంతెత్తి 'యాపిల్' అన్నారు. 'బనానా' అన్నారు. వదిన సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ నాతో అంది కదా: "యాపిల్ అన్నారు, బానే ఉంది. ఆ యాపిల్ ఎవరికి కావాలో ఒక్కళ్ళూ చెప్పలేదు."

మర్నాడు ఒక అట్టకి కిటికీ కోసి గది మధ్యలో నిలబెట్టింది.

అంతే. ఇక ఆ గదిలో పాఠమన్న మాట లేదు. బంతి, రంగు పెన్సిళ్ళు, గుడ్డబొమ్మ, మంచినీళ్ళు, అన్నీ కిటికీకి అవతల. కావలసినవాళ్ళు లైన్లో నిలబడి అడగాలి. అవతల కూర్చునేది కూడా పిల్లలే, వంతులవారీగా. డబ్బు చెల్లదు, మాటే చెల్లుతుంది. వదిన కూడా లైన్లో చివర నిలబడేది.

"బాల్ ప్లీజ్."

"వాట్ కలర్?"

"రెడ్."

"నో రెడ్. బ్లూ?"

"ఓకే, బ్లూ."

బంతి దొరికితే వదిన నిజంగానే ఆడేది. పిల్లల్ని ఆడించడం వేరు, తాను ఆడడం వేరు. ఒకసారి నేను వెళ్ళేసరికి గుడ్డబొమ్మ దగ్గర తన వంతు ముందా డ్రైవరు వంతు ముందా అని ఇద్దరూ ఇంగ్లీషులో గట్టిగా దెబ్బలాడుకుంటున్నారు. వదిన ఓడిపోయింది. ఆ రోజంతా ముభావంగా ఉంది.

* * *

పిల్లలకి ఇంగ్లీషు వచ్చింది. ఏ ఇంగ్లీషు వచ్చిందన్నదే గొడవ.

ఒక ఇంట్లో చుట్టాలొచ్చి పిల్లని ముద్దుపెట్టుకోబోతే, మొదటావిడ ముద్దు అయ్యీ అవ్వగానే ఆ పిల్ల "నెక్స్ట్ ప్లీజ్" అంది. ఇంకో ఇంట్లో పిల్లాడు పొద్దున్నే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఆఫీసుకి బయల్దేరిన తండ్రిని "వేర్ టు?" అన్నాడు. ఆఫీసుకన్నాడాయన. "వై?" అన్నాడు పిల్లాడు. ఆ ప్రశ్న ఆయన్నెవరూ అంతకుముందు అడగలేదు. ఆలస్యంగా వెళ్ళి ఆఫీసులో ఏం చెప్పాలో తెలీలేదని స్కూలుకొచ్చి మొత్తుకున్నాడు.

"మా వాడికి అడగడమే వచ్చింది మేడమ్, ఒక్క పద్యం అప్పజెప్పడం రాలేదు," అని తల్లులు.

హెడ్ మేడమ్ చెడ్డమనిషి కాదు. ఫిర్యాదులు వినడం ఆవిడ ఉద్యోగం. అన్నీ విన్నాక కంప్యూటర్ల ఆలోచన వచ్చింది. పిల్లలు అరిచినా కంప్యూటర్లు తిరిగి అరవవు. పైగా ఆవిడ కొడుకు కూడా వదిన దగ్గరే ఉన్నాడు. స్టాఫంతా వాణ్ణి చిన్న సారు అంటారు. వాడు ఇంట్లో ఏం చేస్తున్నాడో ఆవిడ ఎవరికీ చెప్పేది కాదు.

బస్సులోంచి పాకి బయటికొచ్చిన ఆ రోజు వదినతో నెమ్మదిగానే అంది. "పేరెంట్స్ డే వస్తోందండీ. స్టేజీ మీద అందరి ముందూ మీ పిల్లలు ఇంగ్లీషు మాట్లాడితే ఈ గది మీదే. మాట్లాడకపోతే కంప్యూటర్లది. నాకు వేరే దారి లేదు."

"అలాగేనండీ," అంది వదిన. 'నీ మీద పై ఆఫీసులో చెప్తా' అని బెదిరించిన ప్రయాణికులతో కూడా ఆవిడ అలాగే అనేది.

నాకే మనసాగలేదు. సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను.

"వదినా, పోనీ ఒక్క రైమ్ నేర్పరాదూ? చేతులు తిప్పుతూ పాడేది. నీ సొమ్మేం పోయింది?"

"పాడితే ఎవరేమిస్తారు?"

"ఇవ్వడమేంటి? చప్పట్లు కొడతారు."

"చప్పట్లు ఏం చేసుకుంటారే చిన్నపిల్లలు?"

"గది పోతుంది వదినా!"

"పోతే పోతుంది. ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. నువ్వు ఆ టేపు అందుకో, బస్సు వెనక తలుపు ఊడుతోంది."

మాట అలా ఉంది కానీ, నేను టేపు కోసం లోపలి గదిలోకి వెళ్ళేసరికి ఆ చెక్క పలక బీరువా వెనక లేదు. బల్ల మీద ఉంది. తడిగుడ్డ పక్కనే ఉంది.

"ఇదెందుకు బయటికి తీశావు?"

"దుమ్ము పట్టింది," అంది వదిన, నా వైపు చూడకుండా.

నేనింక రైముల మాట ఎత్తలేదు.

* * *

పేరెంట్స్ డే నాడు హాలు నిండిపోయింది. ముఖ్య అతిథి నీళ్ళాఫీసులో పెద్ద పదవి చేసి రిటైరైన పెద్దాయన. ముందు వరసలో మెత్తటి కుర్చీ వేశారు. పెద్ద తరగతుల పిల్లలు వచ్చి చేతులు అటూ ఇటూ తిప్పి రైములు చెప్పారు. అందరూ ఒకేలా తిప్పారు. చప్పట్లే చప్పట్లు.

తర్వాత మా వాళ్ళు. నేనూ వడ్రంగీ కలిసి బస్సునీ అట్ట కిటికీనీ స్టేజీ ఎక్కించాం. అతను బల్లలు తయారుచేసి తెచ్చాడు. సభ ముగిస్తే గదిలో దింపుదామని కనిపెట్టుక్కూర్చున్నాడు. డ్రైవరు సీట్లో డ్రైవరు. విజిల్ నోట్లో పెట్టుకుని కండక్టర్. కిటికీ అవతల చిన్న సారు. ఇవతల నలుగురు పిల్లలు లైన్లో. వదిన స్టేజీ చివర చేతులు కట్టుకుని నిలబడింది.

హెడ్ మేడమ్ మైకు తీసుకుని కండక్టర్ దగ్గరికొచ్చింది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

కండక్టర్ ఆవిడ మొహంలోకి చూసింది. రోజూ గేటు దగ్గర పేరు పెట్టి పిలిచే మనిషి పేరెందుకు అడుగుతోందో ఆ పిల్లకి అంతు పట్టలేదు. విజిల్ నోట్లోంచి తీయలేదు.

"హౌ ఓల్డ్ ఆర్ యూ?" అని డ్రైవర్ని అడిగింది. డ్రైవరు బస్సు నడుపుతున్నాడు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "అయ్యో, ఏమీ రాదనుకుంటా," అని ఒకావిడ జాలిపడింది. వదిన కట్టుకున్న చేతులు విప్పి మళ్ళీ కట్టుకుంది. హెడ్ మేడమ్ ఒక్కసారి వడ్రంగి వైపు చూసింది. వడ్రంగి తన టేపు వైపు చూసుకున్నాడు.

ఆఖరి ఆశగా ఆవిడ గబగబా కిటికీ దగ్గరికెళ్ళి, లైన్లో ఉన్న పిల్లల పక్కనుంచి వంగి, కన్నకొడుకు మూతి దగ్గర మైకు పెట్టింది. "కమాన్ నాన్నా, టెల్ సంథింగ్!"

చిన్న సారు అమ్మని చూశాడు. ఆవిడ వెనక నిలబడ్డ నలుగుర్నీ చూశాడు.

"లైన్ ప్లీజ్, మమ్మీ."

మైకులోంచి హాలంతా వినపడింది. హెడ్ మేడమ్ మెడదాకా ఎర్రబడి, మైకు పట్టుకునే వెళ్ళి, నలుగురు పిల్లల వెనక ఐదో మనిషిగా నిలబడింది. ఇంకేం చేస్తుంది?

అప్పుడు ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. నీళ్ళాఫీసు పెద్దాయన లేచాడు. స్టేజీ ఎక్కి ఆవిడ వెనక నిలబడ్డాడు. ఆయన లైన్లో నిలబడటం జన్మలో ఇదే మొదటిసారని వెనక వరసల్లోంచి ఎవరో అన్నారు. కాస్త గట్టిగానే అన్నారు.

నలుగురు పిల్లలకీ టికెట్లు తెగాయి. హెడ్ మేడమ్ 'స్కూల్'కి ఒకటి తీసుకుంది. ఆయన వంతు వచ్చింది.

"వేర్ టు?" అన్నాడు చిన్న సారు.

"ఆఁ... టు ది సీ."

"హౌ మెనీ?"

"వన్."

చిన్న సారు ఆయన పక్కలకి తొంగిచూశాడు. "ఓన్లీ వన్? నో ఆంటీ?"

"ఆంటీ ఎట్ హోమ్."

"వై?"

పెద్దాయన కొంచెం తటపటాయించాడు. "ఆంటీ యాంగ్రీ," అన్నాడు.

హాలు గొల్లుమంది. చిన్న సారు నవ్వలేదు. కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు నవ్వకూడదని వదిన నేర్పలేదు కానీ, అక్కడ వదిన నవ్వగా వాళ్ళెప్పుడూ చూడలేదు.

"వై యాంగ్రీ?"

"ఐ... డోంట్ లిసన్."

వాడికి ఇది తన పరిధి దాటిందనిపించినట్టుంది. కండక్టర్ని పిలిచాడు. కండక్టర్ విజిల్ నోట్లోంచి తీసి సంగతంతా విని, పెద్దాయన్ని తలెత్తి చూసి తీర్పు చెప్పింది.

"సే సారీ. దెన్ టూ టికెట్స్."

రెండు రంగుకాగితాలు ఆయన చేతికొచ్చాయి. వాటిని జేబులో పెట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్తాడనుకున్నాం. "విండో సీట్?" అన్నాడు. "ఫినిష్. సారీ," అన్నాడు చిన్న సారు. ఫరవాలేదని పెద్దాయన వంగి, పాకి, బస్సెక్కి వెనక కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. వదిన ఒకడుగు ముందుకేసి ఏదో చెప్పబోయింది, అప్పటికే ఆలస్యమైపోయింది. కండక్టర్ విజిల్ పక్కన పెట్టి చిటికెనవేలు చూపించి పరిగెత్తింది.

ముఖ్య అతిథి ప్రసంగం పెట్టెలోంచి జరిగింది. హెడ్ మేడమ్ బస్సు కిటికీలోంచి మైకు అందించింది. ఆయన ఏం మాట్లాడాడో నాకు గుర్తులేదు. ఎవరికీ గుర్తుండదు. ఎందుకంటే ఈలోగా తల్లిదండ్రులు లేచి లైన్లోకి వచ్చేశారు. లైను స్టేజీ దిగి, కుర్చీల పక్కనుంచి తలుపు దాకా వెళ్ళింది.

అందులో కండక్టర్ వాళ్ళమ్మ కూడా ఉంది. ఇళ్ళల్లో బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. కిటికీ దగ్గరికొచ్చాక "వేర్ టు?" అంటే ఆవిడకి నోరు పెగల్లేదు. చీర చెంగు పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఒంటేలునుంచి అప్పుడే వచ్చిన కండక్టర్ వాళ్ళమ్మ పక్కన నిలబడి, ఎవరికీ వినపడకూడదన్నట్టుగా, పక్కనే బస్సు కిటికీలో మైకు ఉన్న సంగతి మర్చిపోయి అంది:

"హోమ్ అనమ్మా. టూ అను. నువ్వూ నేనూ."

"హోమ్," అందావిడ. "టూ."

చిన్న సారు టికెట్లు చించి ఇచ్చాడు. "నెక్స్ట్ ప్లీజ్."

అప్పుడు గుర్తొచ్చి కండక్టర్ విజిల్ వేసింది. పెద్దాయన దిగడానికి నేనూ వడ్రంగీ చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది. వదిన మాత్రం అక్కడ లేదు. ఎక్కడా అని చూస్తే లైన్లో అందరికంటే చివర, తలుపు దగ్గర నిలబడి ఉంది.

* * *

మర్నాడు బస్సుని మళ్ళీ గదిలోకి చేర్చడానికి నేనూ వెళ్ళాను. గదిలో చేర్చాలో, ఇంటికి మోసుకుపోవాలో మాకింకా తెలీదు. వదిన సంచిలో చెక్క పలక ఉంది. నేను చూశానని ఆవిడకీ తెలుసు.

హెడ్ మేడమ్ వరండాలో ఎదురొచ్చింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టని మొహం.

"కంప్యూటర్లు మేడమీద పెట్టిస్తున్నానండీ," అంది. "మెట్లెక్కడం కష్టమే కానీ, ఏం చేస్తాం."

"అలాగేనండీ," అంది వదిన.

గదిలోకి వెళ్ళి సంచిలోంచి పలక తీసింది. రాసున్న వైపు నేలకి తిప్పి బస్సు వెనక తలుపు కింద పెట్టింది. ఎక్కేటప్పుడు మోకాళ్ళకి సులువుగా ఉంటుందట. కాలుపెట్టి ఒకసారి ఎక్కి దిగి చూసుకుంది కూడా.

హెడ్ మేడమ్ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇంకేమైనా ఉందా మేడమ్?"

"చెప్పకూడదనుకున్నాను." ఆవిడ గొంతు తగ్గించింది. "మా అత్తగారు చాలా బాధపడుతున్నారండీ. మా వాడు సోఫా వెనక కూర్చుని, ముద్దు కావాలంటే లైన్లో రమ్మంటున్నాడట. పెద్దావిడ పొద్దున్నించి నిలబడే ఉన్నారు. లైనేంటండీ లైను, ఇంట్లో ఉన్నదే ఆవిడొక్కరు!"

వదిన తల ఎత్తకుండా బస్సు కిటికీకి టేపు అతికిస్తూ అంది:

"అయితే ఇంకేంటి మేడమ్, లైన్లో ఆవిడే ఫస్టు కదా."